ఎక్కమన్నది ఎవరు

ఆఫీసులో నన్ను కత్తెరమ్మ అంటారు. ముఖం మీద కాదు, నేను అటు తిరిగాక. డ్యూటీలో దెబ్బ తగిలిన ప్రభుత్వ ఉద్యోగుల క్లెయిములు చూడటం మా సెక్షను పని. బస్సు డ్రైవరు నడుము, నర్సమ్మ మోచెయ్యి, మురుగు కాలవల్లో దిగేవాడి ఊపిరితిత్తులు, బడి మెట్ల మీద జారిన పంతులమ్మ మోకాలు, అన్నీ కాగితాలై నా బల్ల మీదికి వస్తాయి. దెబ్బ నిజమేనా? నిజమే అయితే డ్యూటీలో తగిలిందా? డ్యూటీలోనే అయితే, తనకు అప్పగించిన పని చేస్తుండగానే తగిలిందా? ఇవి అడిగీ అడిగీ నా నోరు చేదెక్కింది. ఇంట్లో మా ఆయన కాలికి గడప తగిలి అబ్బా అన్నా, ఎక్కడ తగిలింది, ఎలా తగిలింది, పక్కన ఎవరున్నారు అని అడుగుతానట. ఆయన వేళాకోళానికే అంటాడు గానీ అందులో అబద్ధం లేదు.

నిజానికి క్లెయిములు కత్తిరించేది నేను కాదు, పైనున్న బోర్డు. బోర్డువాళ్లు మనుషుల్ని చూడరు, కాగితాల్ని చూస్తారు. వాళ్లను ఎవరూ చూడలేదు కాబట్టి తిట్లన్నీ ఎదురుగా కనబడే నాకే. తిట్టుకోనీ. తిట్టుకుంటే వాళ్లకు కాస్తయినా బరువు దిగుతుంది.

మా ఆఫీసు కింది అంతస్తులో మెట్ల పక్కన ఒక గది ఉంది. ఒకప్పుడు విరిగిన సామాన్లు పడేసేవాళ్లు అందులో. దెబ్బ తగిలినవాళ్లను ఇంట్లో ఊరికే కూర్చోబెట్టి జీతం ఇవ్వకూడదు, చేయగలిగిన తేలిక పని ఏదైనా ఇవ్వాలి అని పైనుంచి ఉత్తర్వు వచ్చాక, గదికి సున్నం కొట్టించి, కుర్చీలూ బల్లా వేయించి, తలుపు మీద 'తేలిక పని విభాగం' అని రాయించారు. పని మాత్రం లేదు. విరిగిన నడుములూ అరిగిన మోకాళ్లూ పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి, సాయంత్రం దాకా గోడకేసి చూస్తూ కూర్చుంటాయి. పేపరు చదవకూడదు, కునుకు తీయకూడదు, ఫోను చూడకూడదు. రాకపోతే క్లెయిము ఆగిపోతుంది. వస్తే పిచ్చెక్కుతుంది. కొన్నాళ్లకు చాలామంది, "నాకు తగ్గిపోయిందమ్మా, నా పనికి నన్ను పంపించెయ్యండి" అని వాళ్లంతట వాళ్లే రాసిచ్చి, కుంటుకుంటూ పోయేవాళ్లు. ఆ గది ఉన్నది అందుకేనని నాకు తెలుసు, మా పెద్దసారుకూ తెలుసు. పైకి మాత్రం ఎవరమూ అనుకోం.

ఆ గదిలోకి వచ్చాడు దీపాలాయన. వీధిదీపాలు బాగుచేసే ఉద్యోగి కాబట్టి మావాళ్లు పెట్టుకున్న పేరది. సన్నజల్లు పడుతుండగా స్తంభం మీదినుంచి జారి, కుడి భుజం మీద పడ్డాడు. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి మాట వినడం మానేసింది. ఛాతీ కంటే పైకి లేవదు, లేపకూడదు అని డాక్టరు రాశాడు. తల దువ్వుకోవాలంటే దువ్వెన తలకు అందదు, తలనే వంచి దువ్వెన దగ్గరికి తెచ్చుకునేవాడు. నేను చూశాను.

మొదటిరోజు ఆయనతో భార్య కూడా వచ్చింది. ఇంట్లో కుట్టుమిషను మీద బట్టలు కుడుతుందట, వేళ్ల చివర్లు గట్టిపడి ఉన్నాయి.

"ఈయనకు నోట్లో నాలుక లేదమ్మా. అందుకని నేనొచ్చాను" అంది. "మాకు సెలవులొద్దు, సన్మానాలొద్దు. ఆ చెయ్యేసుకుని మళ్లీ స్తంభం ఎక్కమన్నారనుకోండి, ఈసారి నాకు మనిషి దక్కడు. ఎక్కించకండి. మేం అడిగేది అదొక్కటే."

ఆయన పక్కన నిలబడి, "ఊరుకోవే" అన్నాడు.

నేను మాటివ్వలేదు. నా ఉద్యోగంలో మాటివ్వడం అనేది లేదు. డాక్టరు రాసింది ఫైల్లో ఉన్నంతకాలం ఎవరూ ఎక్కించలేరమ్మా అని మాత్రం చెప్పాను. అది నిజమే కూడా.

దీపాలాయన కొన్నాళ్లు గోడను చూశాడు. తర్వాత ఆయన కళ్లు గోడ మీదినుంచి కుర్చీ కాలి మీదికి దిగాయి. కుర్చీ ఊగుతోంది. ఎడమచేత్తో దాన్ని తిరగేసి, ఎక్కడో దొరికిన మేకుతో బిగించాడు. మర్నాడు పక్క కుర్చీ. ఆ మర్నాడు తలుపు గడియ. ఇది చూసి అటెండరు, ఎన్నాళ్లగానో మూలన పడున్న బల్లఫ్యాను తెచ్చి ముందు పెట్టాడు. అది గిర్రున తిరిగేసరికి ఆఫీసంతా మేలుకుంది. టైపిస్టు ఇంట్లోంచి ఇస్త్రీపెట్టె తెచ్చింది. అకౌంటెంటు తన మనవరాలి బొమ్మరైలు తెచ్చాడు. ఫైలు కదపడానికి నెల తీసుకునే మనుషులు పాడైపోయిన వస్తువు మోసుకుని పరుగున కింది అంతస్తుకు దిగేవాళ్లు. "నువ్వు మా అన్నయ్యవి" అని ఒకరు, "నీ చెయ్యి చల్లగుండ" అని ఒకరు, అందరూ కలిసి ఆయన్ను మునగచెట్టు ఎక్కించారు.

సీలింగు ఫ్యాన్లు కూడా బాగుచేశాడు. ఇది కాస్త జాగ్రత్తగా వినాలి. అటెండరు మనిషి పొడుగు. అతనే స్టూలెక్కి, ఫ్యాన్లు విప్పి, కిందికి దించి, బల్ల మీద పెట్టేవాడు. దీపాలాయన కూర్చున్నచోటే కూర్చుని, ఎడమచెయ్యి పని చేస్తుంటే కుడిచెయ్యి పట్టుకునేలా, లోపల కాలిపోయిన తీగ మార్చేవాడు. అటెండరు మళ్లీ ఎక్కి తగిలించేవాడు. నా నెత్తిమీద ఫ్యానూ అలా బాగుపడ్డదే.

నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. "అయ్యా, ఈ గదిలో మీరు చేయాల్సిన పని ఒక్కటే. ఏ పనీ చేయకపోవడం. ఎవరైనా అడిగితే చెయ్యి నొప్పి అనండి."

"నొప్పి ఉంటుందండీ, లేకపోవడమేంటి" అన్నాడు. "కానీ అడిగినవాళ్ల మొహం చూసి ఎలా అంటాం? ఊరికే కూర్చుని జీతం తింటున్నానని నాకే సిగ్గుగా ఉంటుంది. ఇంత చేస్తే రాత్రి అన్నం సహిస్తుంది."

దొంగ నొప్పులవాళ్లను కనిపెట్టడం నాకు వచ్చు. నిజమైన నొప్పిని దాచుకునే మనిషిని ఏం చేయాలో ఏ నిబంధనలోనూ లేదు.

మా పెద్దసారు చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. ఏడాది చివర మంచి పనితీరు చూపినవాళ్లకు ప్రశంసాపత్రం ఇస్తారు. ఆ ఏడు ఆయన దీపాలాయన పేరు రాశాడు. గాయపడి కూడా అంకితభావంతో సేవలందించారు, కార్యాలయంలోని సీలింగు ఫ్యాన్లన్నిటినీ స్వయంగా బాగుచేశారు అని స్వదస్తూరీతో రాసి, టైపు చేయించి, అద్దం పటం కట్టించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దీపాలాయన ఎడమచేత్తో పటం అందుకుని, ఎటు చూడాలో తెలియక నేలకేసి చూశాడు. భార్య వచ్చి వెనకవరసలో కూర్చుంది. అందరూ టీ తాగుతుండగా నా పక్కకు వచ్చి, "దీనివల్ల ఏం కాదుగా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

నేను టీ గ్లాసు అక్కడే పెట్టేశాను. పెద్దసారు గదిలోకి వెళ్లి, పటం ఇచ్చారు బాగుంది, నకలు మాత్రం ఆయన సర్వీసు ఫైల్లో పెట్టొద్దు సార్ అన్నాను.

"ఎందుకమ్మా? మంచిమాట మనిషికి ఎప్పుడూ మంచే చేస్తుంది. ఆయనకు రేపు పనికొస్తుందనే పెడుతున్నాను. నీకు ప్రతిదాంట్లోనూ అనుమానమే" అన్నాడు, నవ్వుతూ. నకలు ఫైల్లోకి వెళ్లింది. ఫైలు మామూలు తనిఖీకి బోర్డుకు వెళ్లింది.

బోర్డు ఉత్తర్వు చదివి నేను నవ్వాను. నవ్వు కాదది, ఏదో గొంతులోంచి వచ్చింది. కార్యాలయ అధిపతి ధ్రువీకరణను బట్టి సదరు ఉద్యోగి సీలింగు ఫ్యాన్లు స్వయంగా బాగుచేసినట్టు తెలియుచున్నందున, చెయ్యి పైకెత్తరాదన్న ఆంక్ష తొలగించడమైనది, సదరు ఉద్యోగి వెంటనే పూర్తి విధుల్లో చేరవలెను. ఫ్యాను కప్పుకు ఉంటుంది. కప్పు దాకా చెయ్యి లేచినవాడికి స్తంభం ఎంత? వాళ్ల లెక్క వాళ్లది. బల్ల మీదికి దించిన ఫ్యాను వాళ్లకెలా కనబడుతుంది?

పెద్దసారు మొహం పాలిపోయింది. పాపం, అప్పటికప్పుడు కూర్చుని ఇంకో ఉత్తరం రాశాడు. ఫ్యాన్లు దించినది అటెండరు, ఆయన కూర్చునే పని చేశాడు, దయచేసి గమనించండి అని. నేను అప్పీలు రాశాను. డాక్టరు చేత మళ్లీ రాయించి జతచేశాను. పరిశీలనలో ఉంది, అంతవరకు ఉత్తర్వు అమల్లోనే ఉంటుంది అని జవాబు వచ్చింది. పరిశీలన అంటే ఏమిటో ఆ ఫైళ్ల మధ్య బతికేదాన్ని నాకొకరు చెప్పక్కర్లేదు.

చేరకపోతే గైర్హాజరు, గైర్హాజరైతే ఉద్యోగం పోతుంది. దీపాలాయన పటం సంచిలో పెట్టుకుని, అందరికీ పేరుపేరునా చెప్పి, "పర్లేదండీ, ఏదో ఒకటి చూసుకుంటాం" అన్నాడు. టైపిస్టు కళ్లు తుడుచుకుంది. ఆయనతో గేటు దాకా వెళ్లిన భార్య మళ్లీ వెనక్కి వచ్చి, నా బల్ల ముందు నిలబడింది.

"ఆరోజే అడిగాను మిమ్మల్ని" అంది.

"అడిగారు."

"నాకు మీ మీద కోపం లేదు. కోపం ఉండుంటే బాగుండు, ఇంత భయం ఉండేది కాదు" అని వెళ్లిపోయింది.

దీపాలవాళ్లు ఇద్దరిద్దరుగా పనిచేస్తారు. పెద్దవాడు స్తంభం ఎక్కుతాడు, హెల్పరు కింద నిచ్చెన పట్టుకుంటాడు, సామాను అందిస్తాడు. నిచ్చెన బండి పట్టని ఇరుకు సందులు కొన్ని ఉన్నాయి, అక్కడ ఎక్కక తప్పదు. దీపాలాయనకు హెల్పరు ఎవరో కాదు, సొంత బావమరిది. భార్యకు తమ్ముడు. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి, వాగుడుకాయ. మేస్త్రీ తనను పనిలో చేర్చుకున్నప్పుడు, బావ మీదున్న మమకారంతో అడిగి మరీ బావతో జత కలిపించుకున్నాడట.

ఒకరోజు పొద్దున నేను ఆఫీసుకు నడిచి వస్తూ వాళ్లను చూశాను. పిండిమర పక్క సందులో. స్తంభం మీద ఉన్నది బావమరిది. కింద నిచ్చెనకు భుజం ఆనించి, ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, మెడ నిక్కించి పైకి చూస్తున్నది దీపాలాయన.

"ఒరేయ్, ముందు తీగ చూసుకో."

"చూశాలే బావా. నువ్వు కిందనుంచి అరవకు, దీపం జడుసుకుంటుంది."

హెల్పరు ఎక్కకూడదు. అది నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? దీపాలాయన నన్ను చూశాడు. మొహంలో నెత్తురు లేదు. నేను చెప్పులో రాయి పడినట్టు వంగి, కాసేపు చెప్పు దులుపుకుని, ఎటో చూస్తూ నడిచి వచ్చేశాను. చూసీ చూడనట్టు ఊరుకోవడం ఈ ఉద్యోగంలో నేను చేసిన మొదటి మంచిపని అనుకున్నాను ఆ రోజు. ఆఫీసుకు వచ్చి పాట కూడా పాడుకున్నట్టు గుర్తు.

ఆ వానాకాలం సగంలో కొత్త క్లెయిము కాగితం ఒకటి నా బల్ల మీద పడింది. వీధిదీపాల విభాగం, స్తంభం మీదినుంచి పడుట, వెన్నెముకకు గాయం. దీపాలాయన పేరు కోసం చూశాను. అది ఆయన పేరు కాదు. హోదా దగ్గర హెల్పరు అని ఉంది.

బాధితుడి వాంగ్మూలం తీసుకోవడం నా పని. మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లాను. పొడుగాటి వార్డు, కిటికీ పక్క మంచం. బావమరిది వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నడుము కింద దుప్పటి కదలడం లేదు. మంచం పక్క స్టూలు మీద వాళ్ల అక్క. గోడకు ఆనుకుని, ఎవరికీ అడ్డం కాకుండా నిలబడి, దీపాలాయన. డాక్టరు నాతో వరండాలోనే చెప్పాడు, ఆ కాళ్లు ఇక నడవవు.

"రండమ్మా రండి" అన్నాడు బావమరిది, నన్ను చూడగానే. "మీ గదిలో నాకో సీటు ఖాయమేగా? ఫ్యాను కింద వేయించండి. మా బావ బాగుచేసిందైతే ఇంకా మంచిది."

వాళ్ల అక్క, "నోర్ముయ్ రా" అంది.

వాంగ్మూలం ఇచ్చేవాడి పక్కన సాక్షి ఉండకూడదు. దీపాలాయన్ను బయటికి వెళ్లమన్నాను, వెళ్లాడు. ఏం జరిగిందో చెప్పు బాబూ అన్నాను.

"ఇలా రాసుకోండి. బావ తప్పు పిసరంత కూడా లేదు. వద్దురా, వాన పడింది, స్తంభం జారుతుంది, రేపు చూద్దాం అని మొత్తుకున్నాడు. నేనే వినకుండా ఎక్కాను. కాలు పట్టుకుని ఆపబోతే, ఆయన చెయ్యి విదిలించి మరీ ఎక్కాను. ఆ చివరింటి ముసలామె చీకట్లో పడిపోతున్నాను నాయనా అని రెండ్రోజుల్నించి ప్రాణం తీస్తోంది. అందుకని ఎక్కాను. అంతా నాదే. ఆయన మీదికి ఒక్క మాట రాకూడదు. రాసుకున్నారా?"

నేను ఒక్క అక్షరం రాయలేదు. అది రాసి అతని సంతకం తీసుకున్నానంటే ఆ క్లెయిము అక్కడే చచ్చిపోతుంది. హెల్పరు పని నిచ్చెన పట్టుకోవడం. తనంతట తాను ఎక్కి పడితే అది డ్యూటీ కాదు, సొంత తెగింపు. వైద్యం లేదు, నెలనెలా భృతి లేదు, ఇంటివాళ్లకు ఏమీ లేదు. కాళ్లు లేని మనిషి తన నోటితో తనే కొట్టేసుకుంటున్నాడు, బావను కాపాడుకుంటున్నాననుకుంటూ. నాకు అతని మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం లేకపోతే అక్కడే ఏడ్చేదాన్ని.

"నా పెన్ను రాయడం లేదు" అన్నాను. "రేపొస్తాను."

వరండాలో దీపాలాయన లేచి నిలబడ్డాడు. భార్య కూడా నా వెనకే వచ్చింది. ఇలా చెప్పండి అని నేర్పడం నేరం. నిబంధన చదివి వినిపించడం నేరం కాదు. సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి, అక్కడే నిలబడి చదివాను. హెల్పరు తనంతట తాను ఎక్కితే బాధ్యత హెల్పరుదే. పైవాడు ఎక్కమని చెప్పగా ఎక్కితే అది డ్యూటీయే, హెల్పరుకు రావాల్సినవన్నీ వస్తాయి, ఎక్కమన్నవాడి మీద చర్య ఉంటుంది. చదివి పుస్తకం మూసేశాను. దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఆ రాత్రి మా ఆయన ఏమైంది అని అడిగితే, తలనొప్పి అని పడుకున్నాను.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి ఇద్దరూ వరండాలో ఉన్నారు. దీపాలాయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నా బల్ల ఎదురుగా కూర్చుని, అడగకముందే మొదలుపెట్టాడు. ఆయన అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"నేనే ఎక్కమన్నానండీ. నాకు చెయ్యి లేవదు. ఆ విషయం మేస్త్రీకి చెప్పకుండా, వాణ్ణి ఎక్కమన్నాను. వాడు వద్దన్నాడు, వాన పడింది బావా అన్నాడు. నేనే గదమాయించాను. ఎక్కకపోతే మేస్త్రీకి చెప్పి జత మార్పిస్తానన్నాను. అందుకని ఎక్కాడు."

"నిజమేనా?"

"నిజమేనండీ."

ఎదుటి మనిషి అబద్ధం చెబుతుంటే నాకు ఇట్టే తెలిసిపోతుంది, ఇన్నేళ్లలో నేర్చుకున్నదల్లా అదే. అంత చేతకాని అబద్ధం నేను వినలేదు. గదమాయించాను అన్నప్పుడు కూడా గొంతు పెంచడం రాలేదాయనకు.

"ఇది రాస్తే ఏమవుతుందో తెలుసా?" అన్నాను. "డ్యూటీకి పనికొస్తానని చేరి, ఎక్కకుండా కిందివాణ్ణి ఎక్కించారని ఉద్యోగం తీసేస్తారు. మీ భుజం క్లెయిము కూడా పోతుంది. అప్పీలు పరిశీలనలో ఉంది, అది గెలిచినా మీకు ఒరిగేది ఉండదు. ఇంకో దారి ఉంది. బోర్డు తప్పుగా ఫిట్ అన్నది కాబట్టే ఇలా జరిగిందని రాద్దాం."

"బోర్డు ఒప్పుకుంటుందాండీ?"

నేను బల్ల మీది గుండుసూదులు సర్దాను. బోర్డు తన తప్పు ఒప్పుకోగా నేను చూడలేదు. అలా రాస్తే ఇద్దరి కాగితాలూ పరిశీలనలోకి పోతాయి, పిల్లలు పెద్దవాళ్లయిపోతారు.

"అయితే ఇదే రాయండి" అన్నాడు.

నేను ఆవిడకేసి చూశాను. తమ్ముడు అసలు సంగతి ఆమె ఎదురుగానే చెప్పాడు నిన్న. నేను విన్నదంతా ఆమె విన్నది. ఏం చెప్పాలో తెలిసిన మనిషి, మా అందరికంటే ముందే ఈ ప్రమాదాన్ని కనిపెట్టిన మనిషి, కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"మీరేమంటారమ్మా?"

"ఏమంటాను" అంది, అటే చూస్తూ. "నా మొగుడికి కాళ్లున్నాయి."

రాశాను. ఆయన సంతకం పెట్టాడు. కుడిచేత్తో పెట్టాలి, రికార్డుతో పోలాలి కదా. నిచ్చెన మోసీ మోసీ భుజం ఇంకా బిగిసింది, చెయ్యి బల్ల ఎత్తుకు కూడా లేవలేదు. కాగితం అట్టకు పెట్టి ఆయన ఒళ్లో ఉంచాను, అక్కడ పెట్టాడు.

ఒక్కడి మాట చాలదు. రెండో మాట కూడా దానితో కలవాలి. ముగ్గురం కలిసి ఆసుపత్రికి వెళ్లాం. దీపాలాయన వార్డు బయట బెంచీ మీద ఆగిపోయాడు. నేనూ ఆవిడా లోపలికి వెళ్లాం. నేను కాగితం తీసి, పెన్ను మూత తీసి, అడగాల్సిన ప్రశ్న అడిగాను.

"నిన్ను ఎక్కమన్నది ఎవరు?"

"నిన్న చెప్పానుగా అమ్మా. ఎవరూ అనలేదు. నేనే."

"ఒరేయ్" అంది వాళ్ల అక్క. "బావ ఎక్కమన్నాడు. చెప్పు."

అతను తల తిప్పి ఆమెను చూశాడు. "ఏంటక్కా? వద్దన్నాడే. నా కాలు పట్టుకుని లాగాడు, ఆ చేత్తోనే, నొప్పి చేత్తో."

"ఎక్కమన్నాడు."

"అక్కా, ఆయన్ను పట్టుకుని నేనెలా..."

"నీ పెళ్లాం బయట చెట్టు కింద పిల్లల్నేసుకుని కూర్చుంది. నువ్వు చెప్పకపోతే దాన్ని నేనేం చెయ్యను? బావ చెప్పేశాడు. సంతకం కూడా పెట్టేశాడు. నువ్వు ఇప్పుడు కాదంటే, ఆయన పోతాడు, నువ్వూ పోతావు. నేను ఇద్దరినీ మొయ్యలేను రా. ఒక్కణ్ణి మొయ్యనీ. చెప్పు."

నేను అప్పుడు లేచి వెళ్లిపోవాలి. వాంగ్మూలం ఇచ్చేవాడికి పక్కవాళ్లు నేర్పుతుంటే ఆపాలి, నిబంధన అది. నేను కాగితం మీద తేదీ వేశాను. వేసిన తేదీనే మళ్లీ దిద్దాను.

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. నర్సమ్మ మందుల బండి తోసుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. బావమరిది తల తిప్పుకుని కప్పుకేసి చూశాడు. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు.

"బావే" అన్నాడు చివరికి. "బావే ఎక్కమన్నాడు. నేను వద్దన్నాను. గదమాయించాడు."

గదమాయించాడన్న మాట అతనికి ఎవరూ చెప్పలేదు. తనంతట తానే కలుపుకున్నాడు. బావ ఏం చెప్పుంటాడో అంత బాగా తెలుసు ఆ మనిషికి. నేను రాశాను, చదివి వినిపించాను, సంతకం పెట్టించుకున్నాను. రెండు కాగితాలూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. ఇంత గట్టి క్లెయిము నా చేతిమీదుగా ఎన్నడూ వెళ్లలేదు.

నేను బయటికి వచ్చేసరికి దీపాలాయన బెంచీ మీదినుంచి లేచాడు.

"చెప్పాడాండీ?"

"చెప్పాడు."

"తడబడలేదుగా?"

"లేదు."

"అమ్మయ్య" అన్నాడు. నిజంగానే మొహం తేటపడింది. తలుపు వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఇప్పుడొద్దులెండి. ఇప్పుడే కదా చెప్పాడు, నన్ను చూస్తే వాడికి తల కొట్టేసినట్టుంటుంది. రేపొస్తాను" అని బెంచీ మీద కూర్చున్నాడు.

తలుపు తీసే ఉంది. లోపల మాట మాకు వినబడుతూనే ఉంది.

"అక్కా, బావ వినలేదుగా?"

"లేదురా. బావ ఇంటికెళ్లిపోయాడు."

దీపాలాయన బెంచీ కిందికి కాళ్లు మెల్లగా లాక్కున్నాడు, చెప్పుల చప్పుడు కాకుండా.